సబ్బుతో కడుక్కొచ్చిన పాదాలు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. బందరులో షుగరున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పలేను కనుక రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఏడాది పొడుగునా నా కాలు నన్ను చాలా ప్రశ్నలు అడిగింది. కొన్నింటికి జవాబు దొరికింది, కొన్నింటికి ఇంకా దొరకలేదు. రిటైరయ్యేదాకా పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, తేలని ప్రశ్నను అలా వదిలెయ్యడం నా వల్ల కాదు.

ముందు మా సంఘంలో ఒక ఆచారం గురించి చెప్పాలి. మంచి శుక్రవారానికి ముందు రోజు, గురువారం సాయంత్రం, ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా మేం అయ్యగారని పిలిచే మా పాస్టరుగారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండు మందీ సంఘ పెద్దలు, అందరూ మగవాళ్ళే. మా ఆయన ఆనందరావు గారు ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఆ పన్నెండు కుర్చీల్లో ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఆయనదే.

గురువారం మధ్యాహ్నం నుంచే మా ఇంట్లో హడావిడి మొదలయ్యేది. పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, రాయితో మడమలు రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, సబ్బు ఒకటికి రెండుసార్లు పెట్టి కాళ్ళు కడుక్కునేవారు.

"ఎలాగూ అక్కడ కడుగుతారు కదండీ, మళ్ళీ ఇక్కడెందుకు?" అని ఏటా అడిగేదాన్ని.

"అయ్యగారి చేతికి మట్టి అంటించమంటావా ఏంటి?" అనేవారు.

పన్నెండు ఇళ్ళలోనూ ఇదే తంతు. అందుకని అయ్యగారు పోసిన నీళ్ళు ఎంత తేటగా వచ్చేవో, పళ్ళెంలో అంత తేటగానే తిరిగి వెళ్ళేవి. వెనక బల్ల మీద కూర్చుని ఆ పళ్ళెం వంక చూస్తూ, ఇంతకీ ఇక్కడ కడిగిందేముంది అని ఆలోచించేదాన్ని. ఆ మాట పైకి అంటే మా ఆయన నొచ్చుకుంటారని ఊరుకునేదాన్ని.

మట్టల ఆదివారం

జబ్బు ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ బయటపడింది మాత్రం కిందటేడు మట్టల ఆదివారం నాడు. అప్పటికీ దాన్ని జబ్బని ఎవరమూ గుర్తుపట్టలేదు. అదే అసలు చోద్యం.

ఈస్టరుకు వారం ముందు వచ్చే ఆ రోజు ఈత మట్టలు, కొబ్బరి మట్టలు చేతబట్టుకుని పాటలు పాడుతూ ఊరేగింపుగా వెళ్తాం. చెప్పులు వేసుకోకూడదని రూలేం లేదు. గుడి (చర్చిని మేం అలాగే అంటాం) మెట్ల దగ్గర విడిచినవాళ్ళం అలాగే రోడ్డెక్కేస్తాం, అంతే. ఆ ఏడు ఆరాధన ఆలస్యమైంది. బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. తారు రోడ్డు కాలుతోంది. కుర్రాళ్ళు గోడల నీడలోకి గెంతుతున్నారు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మడమల మీద నడుస్తున్నారు. నేను మాత్రం రోడ్డు మధ్యలో, నిదానంగా, పాట తప్పకుండా పాడుకుంటూ నడిచాను.

"ఏం భక్తి టీచరు గారూ! మేం అల్లాడిపోతున్నాం, మీకు చీమ కుట్టినట్టయినా లేదు," అంది పక్కనున్న ఆవిడ.

సంతోషం వేసింది. నిజంగా కృపేనేమో అనిపించింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా నాడుల పాఠం చెప్పాను. బోర్డు మీద మంట గీసి, చెయ్యి గీసి, "కాలగానే చెయ్యి వెనక్కి ఎందుకు లాక్కుంటాం? చెప్పండి చూద్దాం" అని అడిగాను. నా కాలు ఎందుకు వెనక్కి లాక్కోలేదని మాత్రం నన్ను నేను అడగలేదు. దీపం కిందే చీకటి అంటారు కదా.

ఎడమ బొటనవేలి కింద లేచిన బొబ్బను మర్నాడు చూసుకున్నాను. చెప్పు కరిచిందనుకున్నాను. ఈస్టరు నాడు ఆ బొబ్బతోనే లేచి నిలబడి, "అంత ఎండలో ప్రభువు నా పాదాలను కాపాడాడు" అని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా కాళ్ళు కాలడం మానేస్తే, ముందు సాక్ష్యం చెప్పకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సాక్ష్యం ఎక్కడికీ పోదు.

మే నెల

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఆయన ఇల్లంతా కలియతిరుగుతున్నారు. మంచం కింద వంగి చూశారు, బీరువా జరిపారు, బియ్యం డబ్బా వెనక టార్చి వేశారు.

"ఎక్కడో ఎలక చచ్చింది శాంతా. నీకు వాసన రావట్లేదూ?"

మా ఆయనకు వాసనలు పడవు. చేప తింటారు గానీ, చేప తోముతుంటే వీధిలోకి వెళ్ళిపోతారు. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ పూటంతా ఎలక కోసం వెతికి, వెతికి, చివరికి నా కుర్చీ దగ్గరకొచ్చి ఆగిపోయారు. నా కాలి వంక చూశారు. నేనూ చూసుకున్నాను. మానని ఆ బొబ్బ కుళ్ళిపోయింది. ఆ సిగ్గు ఇంకా నాలో ఉంది. మనిషినై ఉండి నేను చచ్చిన ఎలకలా వాసన వేశాను.

జ్వరం కూడా వచ్చింది. గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే మా అమ్మాయి స్నేహ సెలవు పెట్టి వచ్చింది. అప్పటికే మా ఆయన నూనె రాసి ప్రార్థన చెయ్యడానికి అయ్యగారిని పిలిపించారు. ఆపరేషన్లంటే ఆయనకు భయం. ప్రార్థనతోనే తగ్గిపోతుందని గట్టిగా పట్టుబట్టారు. తండ్రీ కూతుళ్ళకు మాటా మాటా పెరిగింది.

"నాన్నా, అయ్యగారిని ప్రార్థన చెయ్యనివ్వండి. ఈలోపు నేను కారు పిలుస్తాను," అంది స్నేహ.

ఆయన ముఖం ఎర్రబడింది. అయ్యగారు నా నుదుట నూనె రాసి, ఎన్నడూ లేనంత చిన్న ప్రార్థన చేసి, ఆమెన్ అంటూనే లేచి వెళ్ళి కారులో ముందు సీట్లో కూర్చున్నారు. ఇక మా ఆయన కూడా ఎక్కారు. ఆ చిన్న ప్రార్థనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

గుడివాడలో మా వదిన, అంటే మా ఆయన అక్కగారు ఉంటారు. ఆవిడకు తెలిసిన ఆసుపత్రికే తీసుకెళ్ళారు. అక్కడ వెయిటింగ్ హాల్లో నేను మొదటిసారి మనుషుల ముఖాలు కాకుండా పాదాలు చూశాను. కట్లు కట్టినవి, వాచినవి, ఒక కాలికే చెప్పున్నవి. నాగాయలంక నుంచి వచ్చిన ఒకావిడ, పేరు నాగమణి, నా కాలు కిందికి వేలాడుతుంటే చూసి, తన బట్టల సంచి తెచ్చి దాని కింద పెట్టింది.

"వద్దమ్మా, చీము అంటుకుంటుంది," అన్నాను.

"అంటుకుంటే ఉతుక్కుంటానండి. కాలు ఎత్తుగా పెట్టుకోవాలని మా ఆయనకి చెప్పారు. ఆయన వినలేదు," అంది. పక్కనే ఉన్న ఆయనకు మోకాలి కింద పంచె మడత ఖాళీగా ఉంది. ఆయన నా వైపు చూసి నవ్వారు.

లోపల డాక్టరుగారు కళ్ళు మూసుకోమన్నారు. "పొడుస్తున్నప్పుడల్లా చెప్పండమ్మా," అన్నారు. నేను మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు ఎదురుచూశాను.

"ఇంకా మొదలుపెట్టలేదేంటండీ?"

కళ్ళు తెరిస్తే స్నేహ కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. డాక్టరుగారు అప్పటికే పాదమంతా సూదితో పొడిచేశారు. షుగరు నా పాదంలో నాడులను చంపేసిందట. నాకు ఏడుపు రాలేదు, ముందు ఆశ్చర్యం వచ్చింది. మట్టల ఆదివారం నాటి రోడ్డు, పక్కనున్నావిడ మెచ్చుకోలు, నా సాక్ష్యం అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. భయం తర్వాత వచ్చింది, ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టాక. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

"మిగతా పాదం నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను," అన్నారు డాక్టరుగారు. "రోజూ శుభ్రంగా కడిగి కట్టు మార్చాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. పుండు పైకి పాకితే మోకాలి కింద దాకా తియ్యాల్సి వస్తుంది."

వానలు

ఇంటికొచ్చాక ఒక కాంపౌండరు వచ్చి కట్టు మార్చేవాడు. కొన్నాళ్ళకు అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. స్నేహ రోజూ గుడ్లవల్లేరు నుంచి రాలేదు. ఇంకొకరిని చూస్తామన్నారు, దొరకలేదు. ఆ ఉదయం వాన పడుతోంది. నేను కాలు చాపుకుని కూర్చున్నాను, మా ఆయన వసారాలో పచార్లు చేస్తున్నారు. కాసేపటికి ముక్కుకు రుమాలు కట్టుకుని, చేతిలో బేసినుతో లోపలికొచ్చారు.

"మీ వల్ల కాదండీ," అన్నాను.

"కాలు చాపు."

సగం కట్టు విప్పారు. లేచి పెరట్లోకి పరుగెత్తారు. ఆయన కక్కుకోవడం నాకు వినబడింది. తిరిగి రారనుకున్నాను. నోరు కడుక్కుని వచ్చి, ఈసారి రుమాలు తీసేసి కూర్చున్నారు. రుమాలుతో ఊపిరాడట్లేదన్నారు. మిగతా సగం విప్పారు.

మా వదిన చూడ్డానికొచ్చి ఈ సంగతి తెలిసి ముక్కు మీద వేలేసుకున్నారు. "మనం అలాంటివి నమ్మం గానీ శాంతా, మొగుడి చేత కాళ్ళు పట్టించుకుంటే మంచిది కాదంటారే," అని నా చెవిలో అన్నారు. మా ఆయనకు వినబడింది. "ఆ మాటేదో ఇన్ఫెక్షనుకి చెప్పక్కా, భయపడి పోతుందేమో," అన్నారు. ఆయన నోట అలాంటి మాట రావడం నేనెన్నడూ వినలేదు. వదినగారితో పాటు నేనూ నోరు వెళ్ళబెట్టాను.

ఎందుకో అప్పుడు నాకు పేతురు తెగ గుర్తొచ్చేవాడు. ప్రభువు తన పాదాలు కడగబోతే వద్దన్నవాడు. వినయంతో వద్దన్నాడని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు నా కాలు ఇంకొకరి చేతిలో ఉంటే వేరే అనుమానం వచ్చింది. దుమ్ములో, పేడలో, చేపల పొలుసుల్లో తిరిగిన కాళ్ళు అవి. తన కాళ్ళ వాసనకు పేతురు సిగ్గుపడ్డాడేమో. ప్రేమించేవాళ్ళకు మన వాసన తెలియడం కంటే కష్టమైన పని నాకైతే ఇంకోటి కనబడలేదు. అయ్యగారిని అడిగితే, "అలా ఆలోచించలేదమ్మా, ఆలోచిస్తాను," అన్నారు.

ఇంకో ప్రశ్న కూడా ఉండేది. కడుగుతున్నట్టు నాకు తెలియడం లేదు. నీళ్ళు వేడివో చల్లవో తెలియదు. ఆయన మోచేయి ముంచి చూసుకుని పోసేవారు. మరి నా వరకు ఇది జరుగుతున్నట్టా, లేనట్టా? కళ్ళు మూసుకుని, "ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నారు?" అని పరీక్ష పెట్టేదాన్ని. ఎప్పుడూ తప్పే చెప్పేదాన్ని. కళ్ళు తెరిస్తే ఆయన నాలిక కొస పళ్ళ మధ్య బిగించి, టిక్కెట్ల లెక్క చూసుకునే కంట్రోలరులా వేళ్ళ సందులు తుడుస్తూ కనబడేవారు. కడుగుతున్నారని నాకు ఆ ముఖం చూస్తేనే తెలిసేది.

ఆగస్టులో పుండు అంచు నల్లబడింది. మళ్ళీ గుడివాడ. డాక్టరుగారు తల పంకించి, "వారం చూద్దాం. తగ్గకపోతే ఇక ఆలస్యం చెయ్యొద్దు," అన్నారు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా నాట్లు వేసిన చేలు పచ్చగా ఉన్నాయి. నాకేమీ చూడబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి, "తీసెయ్యమని చెప్పండి. నాకూ ఈ తిరుగుడు తప్పుతుంది, మీకూ ఈ చాకిరీ తప్పుతుంది," అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. మా పెళ్ళయ్యాక అంత కోపం నేను చూడలేదు.

"ఆ కాలు నీ ఒక్కదానిదే అనుకుంటున్నావా? రోజూ నా చేతుల్లోనే కదా ఉంటోంది? నాకో మాట ఉండదా?"

నేను ఏడ్చాను. ఆయన బేసిను తేవడానికి వెళ్ళిపోయారు. ఆ వారం రోజుకు రెండుసార్లు కడిగారు. మా ఆయన ప్రార్థన మొదలుపెడితే ఉడుకుతున్న అన్నం మాడిపోయేంత పొడుగు అని సంఘంలో ఒక హాస్యం. అలాంటిది కాలు కడిగేటప్పుడు ఒక్క మాట కూడా పలకడం లేదు. "ప్రార్థన చెయ్యరేంటండీ?" అని అడిగాను.

"ఇప్పుడు చేతులు ఖాళీ లేవు. నువ్వు చెయ్యి," అన్నారు.

నేను చేశాను. "ప్రభువా, ఈయనకు వాసన తెలియకుండా చెయ్యి" అని చేశాను. కాలు గురించి అడగడం మర్చిపోయాను.

వారం తర్వాత డాక్టరుగారు కట్టు విప్పి చాలాసేపు చూసి, "ఎవరు కడుతున్నారు?" అని అడిగారు. నేను మా ఆయన్ని చూపించాను. "అలాగే కానివ్వండి. కాలు ఉంటుంది," అన్నారు. హాల్లో నాగమణి కోసం వెతికాను, ఆవిడకు చెబుదామని. ఆ రోజు వాళ్ళు రాలేదు.

కోతలు, క్రిస్మస్

చేలు కోతకొచ్చేసరికి పుండు పూడింది. కొత్త చర్మం ఉల్లిపొరలా ఉంది. మెత్తటి రబ్బరు చెప్పులు చేయించారు, ఇంట్లో కూడా అవి లేకుండా అడుగు వెయ్యకూడదు. క్రిస్మస్‌కు గుడిలోకి చెప్పులతో ఎలా వెళ్ళడమని నేను బెంగపెట్టుకుంటే, మా ఆయన గుడికోసమని ఇంకో జత చేయించి తెచ్చారు. ఒకరిద్దరు చూసీ చూడనట్టు తల తిప్పుకున్నారు. మిగతావాళ్ళు అలవాటు పడ్డారు.

పుండు మానినా ఆయన పని ఆగలేదు. ప్రతి ఉదయం బేసిను వస్తుంది. కడగడం, తుడవడం, వేళ్ళ సందుల్లో టార్చి వేసి చూడడం. చెప్పులు వేసుకునే ముందు తలకిందులుగా దులిపి, లోపల చెయ్యి పెట్టి రాయి గానీ ముల్లు గానీ ఉందేమో తడమడం. ఇంతా చేసి, సంఘంలో ఎవరైనా మెచ్చుకోబోతే, "డాక్టరు చెప్పారండీ" అని తప్పుకుంటారు.

మళ్ళీ గురువారం

ఈ ఏడు గురువారం మధ్యాహ్నం కుళాయి దగ్గర పీట పడలేదు. మా ఆయన తీరిగ్గా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"కాళ్ళు కడుక్కోరా?"

"నేను కూర్చోవట్లేదు. నా కుర్చీలో నిన్ను కూర్చోబెట్టమని అయ్యగారికి చెప్పాను."

నన్ను ఒక్క మాట అడగకుండా! నాకు ఒళ్ళు మండింది. నలుగురి ముందు ఈ మొండివేళ్ళు చూపించుకోవాలా? సాయంత్రం దాకా పోట్లాడాను. ఆయన పేపరు దించలేదు.

గుడిలో ఒక పెద్దాయన, "ప్రభువు మగవాళ్ళ కాళ్ళే కడిగాడు కదండీ అయ్యగారూ," అని లేచారు. అయ్యగారు తువ్వాలు నడుముకు కట్టుకుంటూ, "అవునండి. వాళ్ళు ఇంటి దగ్గర సబ్బుతో కడుక్కుని కూడా రాలేదు," అన్నారు. పదకొండు మంది తమ పాదాల వంక చూసుకున్నారు. ఆ పెద్దాయన నవ్వి కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. అయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని కుడిపాదం పళ్ళెంలో పెట్టించి నీళ్ళు పోశారు. కుడికాలికి స్పర్శ కొంచెం మిగిలింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని తెలిసింది. ఎంత బాగుందో చెప్పలేను. తర్వాత ఆయన ఎడమకాలి వైపు చెయ్యి చాపారు. చెప్పులోంచి పాదం తీయబోయి, ఆగి, వెనక్కి లాక్కున్నాను.

"ఏమ్మా, నొప్పా?" అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

"కాదండి. ఈ కాలు ఇంట్లో కడిగేశారు."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. కుడిపాదం తుడిచి, పళ్ళెం తీసుకుని పక్క కుర్చీ దగ్గరికి జరిగారు. వెనక బల్ల మీద, ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోట, మా ఆయన కూర్చుని ఉన్నారు. ఆయనకు వినబడిందో లేదో నాకు తెలియలేదు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర రద్దీగా ఉంది. అందరూ తమ చెప్పులు వెతుక్కుంటున్నారు. మా ఆయన బయట వేసుకునే నా జత పట్టుకుని వచ్చి కింద కూర్చున్నారు. ఎడమ చెప్పు తలకిందులు చేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి, నా పాదం ముందు పెట్టారు. తల ఎత్తలేదు.

"అందరి ముందూ ఆ మాట అనాలా?" అన్నారు.

"అబద్ధమా?"

ఆయన నా ఎడమపాదం రెండు చేతులతో పట్టుకుని చెప్పులోకి ఎక్కించారు. నేను కళ్ళు మూసుకోలేదు.